సంతృప్తి అని రాసి ఉన్న అర్జీ

కొండాపురంలో పెళ్ళి భోజనాల పంక్తిలో ఉండగా నా ఫోనుకి ఆ సందేశం వచ్చింది. ఎడమచేత్తో ఫోను తీసి, కళ్ళజోడు సంచిలో ఉండిపోవడంతో దూరంగా పట్టుకుని చదివాను. మీ అర్జీ మీ అంగీకారం మేరకు పరిష్కరించి ముగించబడినది, మీ స్పందన: సంతృప్తి, అని ఉంది. పక్కన కూర్చున్న పెళ్ళికూతురి మేనత్త ఏమైందని అడిగింది. ఏమీ లేదన్నాను. ఆకులో వడ్డించినవి వడ్డించినట్టే వదిలేసి లేచాను. పెళ్ళివంట నచ్చక లేచి వెళ్ళిందని ఆ ఇంటివాళ్ళు తర్వాత అన్నారట. ఎవరు అన్నారో కూడా నాకు తెలుసు. అది వేరే సంగతి.

ఆ అర్జీ ముగించడానికి నేను అంగీకారం ఇవ్వలేదు. సంతృప్తి అన్న మాట నా జీవితంలో ఏ కాగితం మీదా రాయలేదు. ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో సోషల్ టీచరుగా చేశాను. పిల్లల ప్రోగ్రెస్ కార్డుల మీద కూడా 'ఫరవాలేదు' అనే రాసేదాన్ని.

అర్జీ ఒక దారి గురించి. సీతారామపురం పోయే రోడ్డుకి కొంచెం లోపలగా మా నాయన నా పేర రాసిన మూడెకరాల బత్తాయి తోట ఉంది. రోడ్డు నుంచి తోటలోకి పోవడానికి ఒక డొంక ఉండేది. డొంక అంటే పొలాల మధ్య బండ్లు పోయే పాత మట్టిదారి. మా చిన్నాయన కొడుకు పొలం ఆ డొంకకి ఆనుకుని ఉంటుంది. మా నాయన పోయిన మరుసటి ఏడు అతను డొంకని తన చేలో కలిపేసుకుని కంచె వేశాడు. అప్పటి నుంచి తోటలోకి ట్రాక్టరు రాదు, నీళ్ళ ట్యాంకరు రాదు. మా బోరు మార్చి నెలలోనే గాలి కొడుతుంది. ఆ మెట్ట ప్రాంతంలో ఎండాకాలం ట్యాంకరుతో నీళ్ళు తోలకపోతే బత్తాయి చెట్టు బతకదు. పోయిన వేసవిలో కూలివాళ్ళను పెట్టి బిందెలతో మోయించాను. అయినా రోడ్డుకి దూరంగా ఉన్న రెండు వరసలు ఎండిపోయాయి. ఈ వేసవికి దారి రాకపోతే మిగిలినవీ పోతాయి. నాకు కావలసింది ఆ దారి ఒక్కటే.

నాలుగుసార్లు ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టాను. నాలుగుసార్లూ ఏదో ఒక వంక పెట్టి మూసేశారు. అయిదోది మాత్రం సర్వే దాకా వచ్చింది. సర్వేయరు వచ్చి కొలత వేసే తేదీ కూడా ఇచ్చారు. ఆ తేదీకి తొమ్మిది రోజుల ముందు నేను సంతృప్తి చెందానని సందేశం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఉదయగిరి బస్టాండు ఎదురు సందులో ఉన్న నెట్ సెంటర్‌కి పోయాను. దాన్ని నడిపే ఆయన్ని అందరూ భాయ్ అంటారు. నాకన్నా పదేళ్ళు చిన్న. ఆయన దగ్గర ఒక పొడుగు నోటుబుక్కు ఉంది. అట్ట ఊడిపోతే పిండి సంచి గుడ్డ వేసి కుట్టించుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్ళ పాస్‌వర్డులన్నీ అందులోనే ఉంటాయి. మా వైపు జనానికి పాస్‌వర్డు అంటే దాచుకునే వస్తువు కాదు, భాయ్ దగ్గర ఉండే వస్తువు. హాల్‌టికెట్టుకో, పింఛను కాగితానికో వచ్చి నిలబడి, "భాయ్, నా పాస్‌వర్డేందో చూడు" అంటారు. ఆయన వేలు తడి చేసుకుని పేజీలు తిప్పి, పైకి చదివి మరీ చెప్తాడు. చదవాల్సిన పని కూడా లేదు. ఊరి పేరు, దాని వెనక ఒకటి రెండు మూడు. ఊరు మొత్తానికి అదే. ఒకే ఊళ్ళో గట్టు తగాదా పడి ఒకరి మీద ఒకరు పెట్టుకున్న అర్జీలకు కూడా ఒకటే పాస్‌వర్డు. ఎవరూ ఎవరిదీ తెరిచి చూసుకోలేదు. తోచలేదో, అవసరం లేకపోయిందో నాకు తెలియదు.

నాకు ఆ పద్ధతి మొదటి రోజే నచ్చలేదు. నా పాస్‌వర్డు నేనే పెట్టుకుంటానన్నాను. అయినా ఆ రోజు నేను కూర్చున్నది ఆయన కంప్యూటర్ ముందే. లోపలికి పోవడానికి పాస్‌వర్డు ఒక్కటే చాలు, ఫోనుకి నంబరు పంపి అడిగే పద్ధతి ఆ వెబ్‌సైటులో అప్పటికి లేదు. కాబట్టి ఇంకెవరికి తెలుస్తుంది? పైగా మా చిన్నాయన కొడుకు రోజూ ఆ సందులోనే టీ తాగుతాడు. లెక్క సరిపోయిందనుకున్నాను.

షాపులో అప్పుడు ఏడెనిమిది మంది ఉన్నారు. నన్ను చూసి భాయ్ ఎప్పటిలాగే కౌంటరు లోపల నుంచి కుర్చీ తెచ్చి వేశాడు. నేను కూర్చోలేదు. నా పాస్‌వర్డు ఎవరికి చెప్పావని అడిగాను. ఎంతకి చెప్పావని కూడా అడిగాను. ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది. కానీ అన్నాను. గట్టిగానే అన్నాను.

భాయ్ కోప్పడలేదు. నోటుబుక్కు తీసి నా పేరున్న పేజీ తెరిచి కౌంటరు మీద తిప్పి పెట్టాడు. నా ఫోన్ నంబరు ఉంది, అర్జీ నంబర్లు వరసగా అయిదు ఉన్నాయి. పాస్‌వర్డు అని రాసుకునే చోట చిన్న గీత ఉంది.

"ఆ పొద్దు నన్ను తల తిప్పుకోమన్నారు గదా మేడమ్," అన్నాడు. "తిప్పుకున్నాను. మీరు అయిందని చెప్పిందాకా గోడ మీద క్యాలెండర్ చూస్తా కూర్చున్నాను."

చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు నా మీదో ఆయన మీదో తెలియలేదు. రెండూ నాకు మంటే. పోలీస్ స్టేషన్‌లో తేల్చుకుందాం అని వచ్చేశాను.

ఇంటికొచ్చి తెల్లకాగితం తీసి కంప్లైంటు రాయడం మొదలుపెట్టాను. మా ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. సీట్ల కోసం కొట్టుకునేవాళ్ళను సర్దుకోండమ్మా సర్దుకోండి అని ముప్పై ఏళ్ళు చెప్పిన మనిషి. ఇంట్లో కూడా అదే మాట. ఆ రోజు వరండాలో మోకాలికి నూనె రాసుకుంటూ, ఏం రాస్తున్నావని అడిగారు. చెప్పాను. నూనె సీసా మూత తిప్పి పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టారు.

"భాయ్ పేరు రాయబాక," అన్నారు చివరికి. "ఆయనకేం తెలీదు. మూసింది నేను."

నా కలం కాగితం మీదే ఆగింది. పాస్‌వర్డు మీకెట్లా తెలుసని అడిగాను. మూసినందుకు కాకుండా ముందు దాని గురించే ఎందుకడిగానో ఇప్పటికీ అర్థం కాదు.

ఆయన నా వైపు చూడకుండానే చెప్పారు. "నువ్వు ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెప్పే మాటే గదా. నాకొక్కడికే ఏంది, నీ చేతి కాఫీ తాగిన అందరికీ తెలుసు."

ఇక్కడ నా పాస్‌వర్డుల గురించి చెప్పాలి. భాయ్ నోటుబుక్కులోని ఒకటి రెండు మూడు చూసి నవ్వుకున్నదాన్ని, నాది గట్టి పద్ధతి అనుకున్నాను. పాస్‌వర్డు మర్చిపోకూడదంటే మనం ఎన్నటికీ మర్చిపోలేనిది పెట్టుకోవాలి. నాకు మర్చిపోలేనివి చాలా ఉన్నాయి. మా నాయన పదోరోజున పంక్తిలో కూర్చుని మా చిన్నాయన కొడుకు ఒక మాట అన్నాడు, ఆడబిడ్డకి డొంకెందుకు అని. అర్జీల వెబ్‌సైటుకి ఆ మాటే. ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసి, చివర అతను ఆ మాట అన్న సంవత్సరం. నా రిటైర్మెంటు సభలో హెడ్‌మాస్టరు నాకు కప్పిన శాలువా అంతకు ముందు నెల స్కూలు సభకి వచ్చిన ముఖ్య అతిథి మర్చిపోయి వదిలి వెళ్ళినది. అంచు మీద కుంకుమ మరక చూసి గుర్తుపట్టాను. బ్యాంకుకి ఆ శాలువా. సోషల్ టీచరుకేం పని, పటాలు వేలాడదీయడమే గదా అని స్టాఫ్ రూములో ఒకావిడ అంది. ఈమెయిలుకి ఆ పటాలు. ఇట్లా పదకొండు ఖాతాలు, పదకొండు మాటలు, పదకొండు సంవత్సరాలు. ఒక్కటి కూడా ఎక్కడా రాసుకోలేదు.

ఎవరూ కనిపెట్టలేరనుకున్నాను. అవన్నీ నేనే ఊరందరికీ కథలుగా చెప్తున్నానని, సంవత్సరంతో సహా చెప్తున్నానని, నాకు తట్టలేదు.

"గ్యాస్ బుకింగుకి మా అమ్మ," అన్నారు మా ఆయన. "చేపల పులుసు. అది గూడా తెలుసు."

పెళ్ళయిన మొదటి నెలలో నేను పెట్టిన చేపల పులుసుని చేతులు కడిగిన నీళ్ళు అంది మా అత్త. ఆమె పోయి పన్నెండేళ్ళయింది. నా మోకాళ్ళు సరిగా ఉన్నంతకాలం గ్యాస్ ఏజెన్సీకి నేనే పోయేదాన్ని, ఫోనులోకి వచ్చాక సిలిండర్ అయిపోయిన ప్రతిసారీ ఆ మాట టైపు చేసి లోపలికి పోతున్నాను. ఈయన పక్కన కూర్చుని చూస్తున్నారన్నమాట ఇన్నాళ్ళూ. ఒక్కరోజు కూడా ఏమీ అనలేదు. అది నాకు అన్నింటికన్నా ఎక్కువ కోపం తెప్పించింది. ఎందుకో మళ్ళీ నన్నడగొద్దు.

ఎందుకు మూశారంటే, ఆయన చెప్పింది ఇది. నేను కొండాపురం పోయిన రోజు, మోకాలినొప్పి అని ఆయన పెళ్ళికి రాకుండా ఇంట్లోనే ఉంటే, మా చిన్నాయన కొడుకు వచ్చాడు. కొలత వేస్తే తను కంచెలో కలుపుకున్న వాగు పోరంబోకు, అంటే సర్కారు భూమి, కూడా బయటపడుతుందని అతని భయం. బావా, అర్జీ తీసేయించు, కాయ కోత అయిపోగానే నేనే బండి పట్టేంత దారి వదుల్తాను, మనలో మనకి ఆఫీసులెందుకు అన్నాడు. ఈయన నమ్మారు. నమ్మారో, అలసిపోయారో. మూసేటప్పుడు వెబ్‌సైటు అభిప్రాయం అడిగింది. నాలుగు గడులు చూపించిందట. ఈయన మొదటిదాని మీద నొక్కారు. అది సంతృప్తి.

ఆ సాయంత్రమే చిన్నాయన కొడుక్కి ఫోన్ చేశాను. దారి ఎప్పుడు వదుల్తావని అడిగాను.

"ఏం దారక్కా?" అన్నాడు. "నీకు సంతృప్తి అని గవర్నమెంటోళ్ళకి రాసిచ్చినావంట గదా. ఇంకేంది?"

మరుసటి వారం కంచె కర్రలు పీకేసి సిమెంటు స్తంభాలు పాతించాడు.

మా ఆయనతో నేను పదహారు రోజులు మాట్లాడలేదు. ఇంట్లో ఇద్దరమే ఉంటాం కాబట్టి మాట్లాడకపోవడం పెద్ద పని. కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి పోయేదాన్ని. ఆయన తాగి, గ్లాసు కడిగి బోర్లించేవారు. అంతకు ముందు ఎప్పుడూ కడగలేదు.

ఈ అర్జీలు చూసే పై ఆఫీసు ఆత్మకూరులో ఉంది. ఒక్కదాన్నే బస్సెక్కి పోయాను. మూసిన అర్జీని మళ్ళీ తెరవాలంటే రెండే దారులన్నాడు గుమస్తా. నా ఖాతాలోకి ఎవరో దొంగతనంగా వచ్చారని పోలీసు కంప్లైంటు కాపీ తేవాలి, లేకపోతే మూసింది నేనేనని, ఆమెకి తెలియకుండా మూశానని, మూసినవాళ్ళే వచ్చి సంతకం పెట్టి ఇవ్వాలి. మళ్ళీ కొత్తది పెట్టుకోవచ్చు కదా అంటే, పెట్టుకోవచ్చు, వరసలో చివరికి పోతారు, కొలతకి ఆర్నెల్లు పట్టచ్చు అన్నాడు. ఆర్నెల్లంటే వేసవి దాటిపోతుంది. ఎవరు మూసినారమ్మా అని అడిగాడు. ఇంట్లోవాళ్ళు అన్నాను. ఓ, అని ఒక్క మాట అని పక్క కాగితం తీసుకున్నాడు.

ఆఫీసు నుంచి నా పాత విద్యార్థిని ఇంటికి నడిచాను. ఆమె ఆత్మకూరులో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్తుంది. తన గృహప్రవేశానికి నన్ను పిలవలేదు. ఆ సంగతి నాకు గుర్తుంది, అయినా అవసరం నాది. జరిగిందంతా విని ఆమె నవ్వలేదు. అందుకు ఆమెకి సగం మాఫీ చేశాను.

ఆమె నా ఫోనులో పాస్‌వర్డ్ మేనేజర్ అనే యాప్ వేసింది. ఒక్కో ఖాతాకి ఒక్కో పాస్‌వర్డు అదే తయారు చేస్తుందట, తలాతోకా లేని అక్షరాలూ అంకెలూ కలిపి. మనం గుర్తుపెట్టుకోనక్కర్లేదు, చూడనక్కర్లేదు. ఒకటి బయటపడినా ఇంకోటి బయటపడదు. నా పద్ధతిలో తప్పేంటని అడిగితే, "ఒకటి తెలిసినోళ్ళు మిగతా పదీ వాళ్ళే చెప్పేస్తారు టీచర్, మీ ఆయన చెప్పినట్టు" అంది.

ముందుగా పాతవన్నీ అందులోకి ఎక్కించమంది. ఒక్కొక్కటీ టైపు చేశాను. ప్రతిదాని పక్కనా ఆ యాప్ ఎర్ర అక్షరాల్లో బలహీనం అని చూపించింది. హెడ్‌మాస్టరు శాలువా బలహీనం. స్టాఫ్ రూము పటాలు బలహీనం. పదోరోజు మాట బలహీనం. చేపల పులుసు చాలా బలహీనం. నలభై ఏళ్ళ నుంచి మోస్తున్నదాన్ని పట్టుకుని చాలా బలహీనం అంటే ఏం చెయ్యాలో తోచక, ఆమె ఇచ్చిన మజ్జిగ తాగాను.

తర్వాత అసలు తాళం లాంటి పాస్‌వర్డు ఒకటి పెట్టుకోవాలంది. మిగతావన్నీ దాని లోపల ఉంటాయి, అది మాత్రం నా తలలోనే ఉండాలి. ఒకదానితో ఒకదానికి సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి పెట్టుకుంటే మంచిదట. ఎవరికీ ఎప్పుడూ చెప్పనివై ఉండాలి.

ఆలోచించి ఒక మాట చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "అది ఎనిమిదో తరగతిలో మాకు చెప్పినారు టీచర్. మీ పాత అద్దింటి ఆయన కథ." ఇంకోటి చెప్పాను. అదీ చెప్పానట. అప్పుడు ఆమె, చేయి నా చేతి మీద వేసి, చాలా మెల్లగా అడిగింది.

"ఎవరి మీదా కోపం లేని మాటలు నాలుగు అనుకోండి టీచర్."

నాకు దొరకలేదు. అబద్ధం చెప్పడం లేదు. ఒక చెట్టు పేరు అనుకుంటే ఆ చెట్టు కొట్టేసినవాడు గుర్తొచ్చాడు. ఒక పండుగ అనుకుంటే ఆ పండక్కి నాకు పెట్టని చీర. ఒక రంగు, ఒక ఊరు, ఒక కూర, అన్నింటి వెనకా ఎవరో ఒకరు నిలబడి ఉన్నారు. ఇంటికి పోయి ఆలోచించుకుంటానని, దాన్ని ఎట్లా పెట్టుకోవాలో కాగితం మీద రాయించుకుని బస్సెక్కాను.

ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా కిటికీ పక్క సీటు. ఎండిన చెరువులు, కంది చేలు, మేకలు, గుట్టలు. పాత టీచరునైన నాకు ఇది పరీక్షలా అనిపించింది, నాలుగు మార్కుల ప్రశ్న. మొదటి మాట చాలా దూరం పోయాక దొరికింది. రెండోది దాని వెంటనే. మూడోది ఒక స్టాపులో ఎక్కిన ఒక ముసలామె చేతిలో ఉన్న వస్తువు. ఆమెవరో నాకు తెలియదు, నాతో ఏమీ అనలేదు. నాలుగోది ఉదయగిరి కొండ కనిపించాక గానీ దొరకలేదు. అవేంటో రాయను. రాస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

ఆ రాత్రికి కాదు, మర్నాడు పొద్దున కూర్చుని పదకొండూ మార్చాను. రెండు పూటలు పట్టింది. ఒక్కో వెబ్‌సైటుకీ పోయి పాతది కొట్టి, కొత్తది యాప్ చెప్పినట్టు పెట్టడం. పాతది కొట్టాల్సిన ప్రతిసారీ, ఇదే ఆఖరుసారి అని తెలిసి కొట్టాను. ఏదో తేలికపడతాను అనుకుంటారేమో, అట్లాంటిదేమీ లేదు. చేతులు నొప్పి పుట్టాయి. తర్వాత గ్యాస్ బుక్ చేసినప్పుడు మాత్రం ఒక తేడా కనిపించింది. వేలు పెడితే లోపలికి పోయింది, మా అత్త దారిలో ఎదురు రాలేదు. ఆమె అన్న మాట నేను మర్చిపోయానని కాదు. నెలకోసారి నా చేత్తో నేనే రాసుకోవడం ఆగింది, అంతే.

విద్యార్థిని ఇంకో మాట కూడా చెప్పి పంపింది. ఆ అసలు పాస్‌వర్డుని కాగితం మీద రాసి, కవరులో అంటించి, నమ్మకమైన మనిషి దగ్గర పెట్టమంది. వయసు అయినవాళ్ళకి అది తప్పదట. నమ్మకమైన మనిషి అంటే ఎవరా అని రెండు రోజులు ఆలోచించాను. మా ఆయన కాదు. చుట్టాల్లో అందరూ ఒక్కో పాస్‌వర్డుగా ఉన్నవాళ్ళే.

కవరు తీసుకుని నెట్ సెంటర్‌కి పోయాను. జనం లేని పూట చూసుకుని పోయాను. ముందు జరిగినదానికి తప్పు నాది అన్నాను. నేను అట్లా అనడం నాకే కొత్త. భాయ్ సరేలెండి మేడమ్ అన్నాడు. కవరు సంగతి చెప్పాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"వద్దు మేడమ్. రేపు ఏదన్నా అయితే మళ్ళా నన్నే అడుగుతారు. పదిమందిలో అడుగుతారు."

ఇంకేం అనను? నేను ఆయన చోట ఉన్నా అదే అనేదాన్ని. అప్పటి నుంచి ఆయన నాకు జిరాక్సు తీసిస్తాడు, స్కాన్ చేసిస్తాడు, మర్యాదగా మాట్లాడతాడు. కుర్చీ మాత్రం వెయ్యడు. నిలబడే పని చేయించుకుని వస్తాను. మోకాళ్ళు లాగుతాయి. ఆయన ఎన్నేళ్ళు గుర్తుపెట్టుకుంటాడో నాకు బాగా తెలుసు. కవరు బీరువాలో ఉంది, పైన పేరు రాయలేదు.

ఇక మిగిలింది ఆత్మకూరు సంతకం. పదిహేడో రోజున నేనే మాట్లాడాను. గుమస్తా చెప్పిన రెండు దారులూ చెప్పాను. పోలీసు కంప్లైంటు ఇస్తే మిమ్మల్నే దొంగ అని రాయాలి, అది నా వల్ల కాదు, సంతకం మీరు వచ్చి పెట్టాలి అన్నాను. మీ చిన్నాయన కొడుకు నన్నేమనుకుంటాడు అన్నారు. నలుగురిలో మాటిచ్చి తప్పానంటాడు అన్నారు. అతను మాటిచ్చి స్తంభాలు పాతించాడు కదా అన్నాను. ఆ రోజంతా ఊ అనలేదు, ఉహూ అనలేదు.

మర్నాడు తెల్లవారి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మోకాలికి పట్టీ కట్టుకుని వరండాలో కూర్చున్నారు. "ఏడింటి బస్సు ఉండాది. అది తప్పితే మళ్ళా నిలబడి పోవాల," అన్నారు.

ఆఫీసులో గుమస్తా తెల్లకాగితం ఇచ్చి ఆయన్నే రాయమన్నాడు. ఆయన టిక్కెట్లు కొట్టిన చెయ్యి, రాత పెద్దగా అలవాటు లేదు. మెల్లగా రాశారు. పై అర్జీని నా భార్యకు తెలియకుండా, ఆమె పాస్‌వర్డుతో నేనే మూసితిని. సంతృప్తి అని నొక్కినది నేను. ఆమెకు సంతృప్తి లేదు. అని రాసి, ఒకసారి చదువుకుని, కింద సంతకం పెట్టారు. గుమస్తా చదివి, చివరి వాక్యం అవసరం లేదండీ, కొట్టెయ్యొచ్చు అన్నాడు.

"ఉండనీండి," అన్నారు మా ఆయన. "ముఖ్యమైంది అదే."

పక్క బల్ల దగ్గర ఇద్దరు మొహాలు తిప్పుకుని నవ్వుకున్నారు. ఆయన చెవులు ఎర్రబడటం చూశాను. ఆ ఇద్దరి మొహాలూ నాకు గుర్తున్నాయి. బయటికొచ్చాక ఆయనకి సోడా ఇప్పించాను. థాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సింది ఏమీ లేదు, చేసిందీ ఆయనే కదా. బస్సులో మా చిన్నాయన కొడుకు నుంచి ఆయనకి మూడుసార్లు ఫోన్ వచ్చింది. మూడుసార్లూ చూసి జేబులో పెట్టుకున్నారు.

అర్జీ మళ్ళీ తెరుచుకుంది. పాత నంబరే, వరసలో పాత చోటే. కొలత తేదీ కూడా ఇచ్చారు. ఆ తేదీకి సర్వేయరు సెలవు పెట్టాడు. ఇంకో తేదీ ఇస్తామన్నారు. ఫిబ్రవరి అయిపోతోంది. మొన్న తోటకి పోయి చూస్తే ముందు వరస చెట్లకి ఆకు ముడుచుకోవడం మొదలైంది. కంచె బయట నిలబడి చూసి వచ్చాను.

రోజూ పొద్దున కాఫీ తాగాక వెబ్‌సైటు తెరుస్తాను. ఇదివరకు ఆయన కూడా తన ఫోనులో నా ఖాతా తెరిచి చూసుకునేవారని ఇప్పుడు తెలుస్తోంది. అందుకే ఎప్పుడూ నన్ను అడిగేవారు కాదు. ఇప్పుడు తెరవలేరు కాబట్టి అడుగుతారు. వరండాలో నుంచే, పేపరు దించకుండా.

"ఏమన్నా వచ్చినాదా?"

"ఇంకా లేదు," అంటాను.

ఆయన పేజీ తిప్పుతారు. కాసేపాగి నేను ఇంకోసారి చూస్తాను.